ఆరో జత

మొన్న బుధవారం పొద్దున దుకాణం ముందు రిక్షా ఆగింది. ఒకావిడ దిగి, ఎడమ కాలు కొంచెం ఈడుస్తూ లోపలికొచ్చింది. వెనకాలే రిక్షావాడు ఒక బ్యాటరీ మోసుకొచ్చి నా బల్ల మీద పెట్టాడు. పన్నెండు ఓల్టుల పాత బ్యాటరీ. దాని పక్కన తెల్లరంగుతో "చిన్నోడు" అని రాసి ఉంది. ఆ చేతిరాత నాకు తెలుసు. 

అది రాసినాయన పోయి నెల కావస్తోంది. వచ్చినావిడ ఆయన భార్య. నాంపల్లి బజారులో సగం మంది ఆయన పాడె వెంట నడిచారు. నేనూ నడిచాను. అందరూ కళ్ళు తుడుచుకుంటుంటే నేను మాత్రం, రేపు నేను పోతే ఇంతమంది వస్తారా అని జనాన్ని చూసుకుంటూ నడిచాను. శవం వెనక కూడా నా బుద్ధి అదే. ఆయన బతికున్నన్నాళ్ళూ ఆయనంటే నాకు కుళ్ళు. కుళ్ళుకుని ఊరుకున్నా పోయేది. ఒక అబద్ధం చెప్పాను. ఆ అబద్ధం తిరిగి తిరిగి ఈ ఆడమనిషి కాలి మీదికొచ్చింది. ఆ సంగతి ఆయనకు ఎప్పటికైనా చెప్పాలనుకుంటూనే ఉన్నాను.

ఆయన పేరు రాయను. రాసినా నాంపల్లిలో ఎవరికీ తెలియదు. ఆబిడ్స్‌లో ఒక సినిమా హాల్లో బొమ్మ వేసేవాడు కాబట్టి అందరికీ ఆపరేటర్ సాబ్. నేను బ్యాటరీ సాబ్. యాభై ఆరులో రాష్ట్రం ఏర్పడిన మరుసటి ఏడు తెనాలి నుంచి కొత్త పెళ్ళాంతో వచ్చి నాంపల్లిలో రైలు దిగి, స్టేషనుకు ఎదురు సందులోనే దుకాణం తెరిచాను. ముందు గదిలో బ్యాటరీల చార్జింగు, వెనక గదిలో కాపురం. లారీలవాళ్ళు, టాక్సీలవాళ్ళు గౌలిగూడ నుంచి కూడా నన్ను వెతుక్కుంటూ వచ్చేవారు. మూత తీసి వాసన చూస్తే చాలు, ఏ సెల్లు బాగుందో ఏది చచ్చిందో చెప్పేసేవాణ్ణి. ఆసిడ్ చిక్కదనం కొలిచే హైడ్రోమీటరు ముంచి చూపించడం కేవలం గిరాకీల తృప్తి కోసం. "ముక్కా అది, మీటరా?" అనేవారు. ఆ మాట కోసం నేను బతికేవాణ్ణి, దాచుకోవడమెందుకు.

ఇలాంటి నా రాజ్యంలోకి ఆయనొచ్చాడు.

సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. ఏది చూసినా ఎడమ కన్ను మూసి చూసేవాడు. రోజూ సినిమా మిషన్ గది గోడకున్న చిన్న కంతలోంచి తెరను చూసి చూసి అలవాటైపోయిందట. కుర్చీ వేస్తే కూర్చునేవాడు కాదు. జేబులో ఎప్పుడూ బొగ్గుకడ్డీ ముక్కలు ఉండేవి. సినిమా మిషన్లో వెలుగు కోసం మండించే కడ్డీలు, కాలగా మిగిలిన తోకలు. వాటితో నా గోడ మీద, గచ్చు మీద, ఒకసారి నా భార్య అప్పుడే కడిగిన గుమ్మం మీద కూడా బొమ్మలు గీసేశాడు. ఇంకొకరైతే ఆవిడ చీపురు తిరగేసేది. ఆయన్ని మాత్రం ఏమీ అనలేదు.

గడియారం పెట్టుకోడు. కాలాన్ని రీళ్ళలో కొలిచేవాడు.

"అన్నయ్యగారూ, టీ తాగి వెళ్ళండి," అని మా ఆవిడ లోపలి నుంచి అంటే, "అర రీలు ఆగుత చెల్లె, అంతకంటె ఎక్కువ ఆగ. మ్యాట్నీ ఉన్నది," అనేవాడు.

అర రీలంటే అయిదు నిమిషాలు. ఆ అయిదు నిమిషాల్లో ఆయన సాసర్లో టీ పోసుకుని జుర్రుతూ ఏవో కబుర్లు చెప్పడం, ఆవిడ తలుపు పట్టుకుని పడీ పడీ నవ్వడం. బొమ్మ తెగితే జనం ఈలలు వేస్తారట, బూతులు తిడతారట. "ఎవడేమన్నా చెయ్యి వణకొద్దు చెల్లె. వణికితె అతుకు వంకర వస్తది, మల్ల గాడనే తెగుతది," అంటూ రెండు వేళ్ళతో గాలిలో అతుకు వేసి చూపించేవాడు. నేను పదిహేడేళ్ళు కాపురం చేసి అన్నిసార్లు నవ్వించలేదు ఆవిడను. ఆయన వెళ్ళాక "ఆయన మాట్లాడుతుంటే వినబుద్ధవుతుందండీ," అనేది. నాకు ఒళ్ళు మండిపోయేది. అందులో అనుమానం ఏమీ లేదు, పచ్చి ఓర్వలేనితనం. ఆ తేడా నాకు బాగా తెలుసు.

పెట్రోలు ధర ఒక్కసారిగా ఆకాశానికి ఎగిరిన రోజులవి. టాక్సీలవాళ్ళు స్టాండులో బండ్లు ఆపుకుని పేకాడుతున్నారు. ఆయన భార్యకు మోకాళ్ళ నొప్పులు. వారానికి రెండుసార్లు దవాఖానకు తీసుకెళ్ళాలి. బస్సు మెట్టు ఎక్కలేదు. అప్పుడు ఆయన ఏం చేశాడయ్యా అంటే, ఇంజను పగిలి ఎగ్జిబిషన్ గ్రౌండ్ గోడ పక్కన పడి ఉన్న ఒక చిన్న ఇంగ్లీషు కారును తోయించుకుని తన ఇంటి ముందు పెట్టుకున్నాడు. ఇంజను పీకేశాడు. స్టేషన్లో సామాన్లు లాగే బ్యాటరీ బండి ఒకటి తుక్కులోకి వస్తే దాని మోటారు తెచ్చి అక్కడ బిగించాడు. వెనక సీటు తీసేసి ఆరు ఓల్టుల బ్యాటరీలు పన్నెండు పేర్చాడు. ఇంటి కరెంటును బ్యాటరీలకు పనికొచ్చేలా మార్చే పాత రెక్టిఫైయరు ఒకటి సినిమా హాలువాళ్ళు మూలకు నెడితే అడిగి తెచ్చుకుని, పొద్దుటి పూట వాటిని ఇంట్లోనే చార్జి చేసేవాడు.

ఆ కారు మొదటిసారి మా సందు మలుపు తిరిగిన పొద్దు నేను మర్చిపోలేను. చప్పుడు లేదు, పొగ లేదు. ఏదో తేనెటీగ ముసిరినట్టు సన్నటి మోత. ఆయన రెండుసార్లు హారన్ కొట్టాడు. బజారంతా బయటికొచ్చింది. నా దుకాణంలో బ్యాటరీ కోసం కూర్చున్న లారీ డ్రైవరు కూడా లేచి పరుగెత్తాడు. పక్కన భార్య మహారాణిలా కూర్చుని ఉంది. మా ఆవిడ కొంగు నోటికడ్డం పెట్టుకుని, "అయ్యబాబోయ్, పెట్రోలు లేకుండానే!" అంది.

బ్యాటరీలతో నడిచే కారు. బ్యాటరీలతో! పదిహేడేళ్ళుగా బ్యాటరీలు పెట్టుకుని కూర్చున్నది నేను. నాకు ఎందుకు తట్టలేదు? ఆ పూట నాకు అన్నం సయించలేదంటే నమ్మండి.

నాలుగు రోజులు పోయాక ఆయన దుకాణానికొచ్చి, గచ్చు మీదికి వంగి బొగ్గుకడ్డీ తీశాడు. పన్నెండు గడులు వరసగా గీసి, పక్కన విడిగా ఒక చిన్న గడి గీశాడు.

"సాబ్, గీ చిన్నోనితోని పరేషాన్ ఉన్నది," అన్నాడు.

చిన్నోడంటే ఈ పన్నెండు ఓల్టుల బ్యాటరీ. లైట్లకూ హారనుకూ వైపరుకూ కరెంటు దీనిదే. అంతకంటే ముఖ్యం, మోటారును కలిపే పెద్ద స్విచ్చిని లాగి పట్టుకునే అయస్కాంతానికి కూడా ఇదే దిక్కు. వెనక పన్నెండు బ్యాటరీలు నిండుగా ఉన్నా చిన్నోడు నీరసపడితే కారు అంగుళం కదలదు. ఇంజను ఉన్న కారులో డైనమో తిరిగి దీన్ని చార్జి చేస్తుంది. ఇక్కడ ఇంజనే లేదు. మరి దీన్ని నింపేదెవరు?

"నేను గిట్ల అనుకుంటున్న," అని ఆయన చివరి రెండు గడులకూ చిన్న గడికీ కలిపి గీత గీశాడు. "ఆరూ ఆరూ కలిస్తె పన్నెండు ఓల్టులు గద. పెద్దయి చార్జింగుల ఉన్నప్పుడు చిన్నోన్ని తీస్కపోయి ఆఖరి జతకు తగిలిస్త. దానితో పాటు ఇదీ నిండుతది. ఏం గాదు గద?"

అవుతుంది. ఏమవుతుందో నాకు అరచేతిలో గీతల్లా తెలుసు. పన్నెండూ వరసగా కట్టి ఉన్నప్పుడు అన్నిటికీ ఒకే కరెంటు అందుతుంది. చిన్నదాన్ని ఏ జతకు తగిలిస్తే ఆ జతకు దక్కాల్సిందాంట్లో ఇది కొంత తాగేస్తుంది. ఒక రోజుకు ఫరవాలేదు. రోజూ అదే జత నోటికాడిది లాక్కుంటే, అయిదు జతలు నిండుతాయి, ఆరోది అరకడుపుతో ఉండిపోతుంది. రోడ్డెక్కాక మిగతావాటితో సమానంగా పరుగెత్తలేక చస్తుంది. చార్జింగు దుకాణంలో ఆర్నెల్లు పనిచేసినవాడికెవడికైనా తెలిసే సంగతే. ఆయన సినిమా మనిషి కాబట్టి తెలియదు.

"వారానికి రెండుసార్లు నా దగ్గర పడేయండి, విడిగా చార్జి చేసిస్తాను," అంటే సరిపోయేది. ఆ మాట నాలుక చివరి దాకా వచ్చింది. అప్పుడే మా ఆవిడ టీ పట్టుకొచ్చి, గచ్చు మీద గీతలు చూసి, "అన్నయ్యగారి బుర్రే బుర్ర!" అంది.

"ఏం కాదు. తగిలించుకోండి," అన్నాను నేను.

"ఆఖరి జతకే?"

"దేనికైతేనేం? అన్నీ ఒకటే."

ఆయన నడుం ఎత్తి నా భుజం తట్టాడు. "నువ్వు సరే అంటె ఇగ నాకు ఫికర్ లేదు సాబ్," అన్నాడు.

రెండు నెలలు గడిచాయి. రోజూ పొద్దున మ్యాట్నీకి పోయే ముందు ఆయన మా సందు మలుపులో హారన్ రెండుసార్లు కొట్టడం, దిగొచ్చి అర రీలు నిలబడి పోవడం. రోజూ నేను ఆయన ముఖం చూసేవాణ్ణి, ఇవాళ చెబుతాడా, ఇవాళ బండి ఆగిందంటాడా అని. ఒక్కోసారి చెప్పేద్దామనిపించేది. మళ్ళీ ఎవడో వచ్చి, "బ్యాటరీ సాబ్, నువ్వు గూడ గసొంటి కారు జెయ్యరాదు?" అనేవాడు. అంతే, నా నోరు కుట్టేసినట్టయ్యేది.

చివరికి ఆబిడ్స్ నడిబొడ్డున ఆగింది. మిట్టమధ్యాహ్నం. నేనూ మా ఆవిడా చెప్పులు కొనడానికి వెళ్ళాం. చౌరస్తాలో గుమిగూడిన జనం, వెనక బస్సుల హారన్లు. చూస్తే మధ్యలో ఆ కారు. లోపల భార్య తలవంచుకుని కూర్చుంది. ఆయన ఒంటరిగా నెడుతున్నాడు. జనం ఈలలు వేస్తున్నారు, ఆయన హాల్లో బొమ్మ తెగినప్పటిలాగే. నేను పరుగెత్తుకెళ్ళి భుజం ఆనించి నెట్టాను. నలుగురూ మెచ్చుకునేలా నెట్టాను. పక్కకు చేర్చి చెమట తుడుచుకుంటుంటే మా ఆవిడ నా చెవిలో మెల్లిగా, "వాళ్ళ కారు ఆగిపోతే మీ ముఖం అలా వెలిగిపోతోందేమిటండీ?" అంది.

ఆయన వెనక మూతలన్నీ తీశాడు. నేను వంగి వాసన చూశాను. అయిదు జతలు బ్రహ్మాండంగా ఉన్నాయి. ఆరో జత చచ్చిపోయింది. ఆ రెంటి ప్లేట్లూ ఇక పనికిరావు.

"గీ రెండే ఎందుకు పోయినయ్ సాబ్?" అని అడిగాడు. ఫుట్‌పాత్ మీద కూర్చున్నాడు. ఆయన కూర్చోవడం నేను చూడటం అదే మొదలు.

అది నాకు దొరికిన రెండో అవకాశం. "కంపెనీలోనే వీకు పీసులు వచ్చుంటాయి," అన్నాను.

మళ్ళీ రెండు మంచి బ్యాటరీలు సంపాదించడానికి ఆయనకు ఆరునెలలు పట్టింది. ఆ ఆరునెలలూ కారు ఇంటి ముందు గోనెపట్టా కప్పుకుని నిలబడింది. ఆ ఆరునెలల్లోనే ఒకనాడు ఆయన భార్య దవాఖాన నుంచి వస్తూ బస్సు మెట్టు మీద నుంచి జారి పడింది. ఎడమ కాలు విరిగింది. అతికించారు గానీ సరిగ్గా అతకలేదు. ఆ వార్త తెచ్చింది మా ఆవిడే. ఆవిడ చెబుతుంటే నేను ఒక బ్యాటరీలో ఆసిడ్ పోస్తున్నాను. అది పంచె మీద ఒలికింది. పంచె తూట్లు పడింది.

అయినా చెప్పలేదు. అంతా జరిగిపోయాక ఇప్పుడు చెప్పి ఏం లాభం అనుకున్నాను. పిరికివాడికి ఎప్పుడూ ఏదో ఒక లాభనష్టాల లెక్క దొరుకుతుంది.

కొత్త బ్యాటరీలు వచ్చిన వారంలో ఒక పొద్దున ఆయన మామూలుగా వచ్చి, మామూలుగా నిలబడ్డాడు. నా దుకాణంలో ఒక రేడియో ఉండేది. ఏదో పాత కారులోంచి పీకింది. దానికి వేరే బ్యాటరీ కొనలేదు నేను. చార్జింగులో ఉన్న గిరాకీల బ్యాటరీలకే తీగె తగిలించి పాటలు వినేవాణ్ణి. ఈ వృత్తిలో అందరూ చేసేదే. కాకపోతే ఒక ధర్మం పాటించేవాణ్ణి. ఇవాళ ఒకరి బ్యాటరీ మీద పెడితే రేపు ఇంకొకరి దాని మీదికి మార్చేవాణ్ణి. ఒక్కడి మీదే పెడితే పాపం వాడిది నిండదు కదా.

ఆయన టీ తాగడం మానేసి ఆ తీగెనే చూస్తున్నాడు. ఎడమ కన్ను మూశాడు.

"సాబ్, నిన్న రేడియో గీ లారీ బ్యాటరీ మీదుండె గద. మొన్న టాక్సీది. ఇయ్యాల గిది. రోజుకొకటి ఎందుకు మారుస్తున్నవ్?"

రేడియోలో ఎవరో హాయిగా పాడుతున్నారు. నా చెవుల్లోంచి ఆవిర్లు.

"ఊరికే," అన్నాను.

ఆయన కదలకుండా నిలబడ్డాడు. అర రీలు దాటింది, ఒక రీలు కూడా దాటే ఉంటుంది. తర్వాత సాసర్లో మిగిలిన టీ అలాగే బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు.

మర్నాటి నుంచి రాడనుకున్నాను. సోమవారం నాడు వచ్చాడు. సందు మలుపులో హారన్ రెండుసార్లు. నన్నూ మా ఆవిడనూ బయటికి పిలిచి, కారు వెనక తలుపు తెరిచి చూపించాడు. ఆరు జతలకూ ఆరు కొక్కేలు. ఒక్కో కొక్కెం కింద తెల్లరంగుతో ఒక్కో వారం: సోమ, మంగళ, బుధ, బేస్తవారం, శుక్ర, శని. చిన్నోడి తీగెలు ఏ రోజుకారోజు ఆ జతకు తగిలించాలి. ఆరు రోజులకు ఆరు జతలూ సమానంగా ఇచ్చుకుంటాయి. ఒకరి మీదే భారం ఉండదు.

"ఐతారం చిన్నోనికి ఉపాసం," అని నవ్వాడు.

అప్పటికే పదిమంది చేరారు. పాన్ డబ్బావాడు అడిగాడు, "కమాల్ జేసినవ్ ఆపరేటర్ సాబ్! గింత ఉపాయం ఎట్ల తట్టింది?"

"నాకేడ తట్టింది? గిది బ్యాటరీ సాబ్ ఉపాయం," అన్నాడు ఆయన. నా వైపు చూశాడు, రెండు కళ్ళూ తెరిచి. "ఆయన రేడియోను చూసి నేర్చుకున్న."

అందులో ఎత్తిపొడుపు ఉందా? నాలుగేళ్ళుగా ఆ గొంతును నేను చెవిలో తిప్పి తిప్పి విన్నాను. తేల్చుకోలేకపోయాను. ఆయన గొంతు ఎప్పటిలాగే ఉంది. ఆ పూట మా ఆవిడ నన్ను చూసిన చూపు మాత్రం కొత్తది. అలాంటి చూపు కోసం నేను పదిహేడేళ్ళు ఎదురుచూశాను. "కాదు, నేను చెప్పలేదు, నేను చెప్పిందల్లా అబద్ధం," అనాల్సింది. మీసం దువ్వుకుని నిలబడ్డాను. సిగ్గులేనివాణ్ణి, ఆ మెప్పును జేబులో వేసుకున్నాను.

ఆ తర్వాత నాలుగేళ్ళూ ఆ కారు నాంపల్లి నుంచి ఆబిడ్స్‌కూ, ఆబిడ్స్ నుంచి నాంపల్లికీ, వారానికి రెండుసార్లు దవాఖానకూ తిరుగుతూనే ఉంది. ఎక్కడ ఎవరు అడిగినా ఆయన ఆ ఉపాయం నాదేననేవాడు. బేగంబజారు సేట్లు కూడా నన్ను చూసి చెయ్యెత్తేవారు. ఆ చెయ్యి ఎత్తినప్పుడల్లా ఆయన మీద నా కుళ్ళు ఇంకో అంగుళం పెరిగేది. తప్పు చేసినవాడి మీద కోపం రాకుండా ఉండేటంత పెద్ద మనసు ఒకరికి ఉంటుంది, ఇంకొకరికి ఉండదు. అది కూడా ఆయనకే ఉండాలా?

మళ్ళీ మొన్నటి బుధవారానికి వస్తాను.

ఆవిడ బల్ల పక్కన స్టూలు మీద కూర్చుంది. "అన్నా, శుక్రవారం కారు జూస్తానికి ఒకాయన వస్తనన్నడు. నడిపి చూపియ్యమంటున్నడు. గిది పూరా దిగిపోయింది. జర చార్జ్ జేసియ్యి," అంది.

నేను మూత తీసి వంగాను. ఆవిడ సన్నగా నవ్వింది.

"అగో, గట్లనే. గా వాసన జూసుడు కోసమే ఆయన మస్తు కుళ్ళుకుంటుండె నీ మీద."

"నా మీదా?" అన్నాను.

"ఔ. నీ దుకాన్ల నుంచి వచ్చినంక బ్యాటరీ మూతలు తీసి ముక్కు వెడుతుండె. దగ్గు వస్తుండె, కండ్లల్ల నీళ్ళు వస్తుండె. 'ఆయనకు తెలుస్తది, నాకెందుకు తెలుస్తలేదు' అని రెండు రోజులు నాతోని గూడ మాట్లాడకపోతుండె. నాంపల్లిల నీ అంత పనిమంతుడు లేడంటుండె."

నిజం చెబుతాను. ఆ మాట వినగానే ముందు నాకు కలిగింది సంతోషం. ఆయన నా మీద కుళ్ళుకున్నాడు! ఒళ్ళంతా పులకరించింది. ఆ సంతోషం ఒక్క క్షణం నిలిచి, ఆవిడ కాలు వైపు చూపు పోగానే చచ్చిపోయింది. ఆయన కూడా కుళ్ళుకున్నాడు. కుళ్ళుకుని, రోజూ వచ్చి నా దగ్గర నేర్చుకున్నాడు.

"అమ్మా, మీకొక మాట చెప్పాలి," అన్నాను. మొదలుపెట్టాక ఆగలేదు. చిన్నోణ్ణి ఆఖరి జతకు తగిలించవచ్చా అని ఆయన అడిగింది, నేను సరేనన్నది, వరసలో ఉన్నవాటికి ఒక కరెంటే అందేది, ఆ జతకు రోజూ తక్కువ పడేది, ఆబిడ్స్‌లో అది చచ్చింది, కంపెనీ తప్పని నేను బొంకింది. బొగ్గుకడ్డీ లేదు, సుద్దముక్క తీసి బల్ల మీద పన్నెండు గడులు గీసి మరీ చూపించాను.  "అంతా నా వల్లే జరిగిందమ్మా. మీ..." అన్నాను. కాలు అనే మాట మాత్రం నోట్లోంచి రాలేదు.

ఆవిడ ఓపిగ్గా విన్నది. పురోహితుడు మంత్రం చదువుతుంటే పీట మీద కూర్చున్నవాళ్ళు వింటారే, అలా విన్నది. గడుల వైపు మర్యాదగా చూసింది.

"గవన్నీ నాకు సమజ్ గావు అన్నా. పాతయైనయ్, పోయినయ్. నువ్వేం జేస్తవ్?" అని లేచింది. "గిది మాత్రం శుక్రవారం వరకు తయారైతది గద?"

"అవుతుందమ్మా," అన్నాను.

ఎడమ కాలు ఈడ్చుకుంటూ వెళ్ళి రిక్షా ఎక్కింది. నేను చిన్నోణ్ణి వరసలో కట్టలేదు, విడిగా ఒక్కదాన్నే చార్జింగులో పెట్టాను. రేడియో తీగె పీకేశాను. బల్ల మీద సుద్ద గీతలు అలాగే ఉన్నాయి. వాటిని చూడగానే నేను చేసిందేమిటో అర్థమయ్యే మనిషి నాంపల్లి మొత్తానికి ఒక్కడే ఉండేవాడు. ఆయనకు చెప్పడానికి నాకు నాలుగేళ్ళు దొరికాయి. రోజూ వచ్చేవాడు.